బ్రిటన్ చరిత్ర పేపరు: చదవడానికి బావుంది, మార్కుల దగ్గర గడుసుది

విశాఖలో డిగ్రీ పిల్లలకు చరిత్ర ఎలక్టివ్ అంటే ఒక లెక్క ఉంది. పరీక్షకు వారం ముందు జిరాక్స్ షాపులో మెటీరియల్ కొనాలి, సైడ్ హెడ్డింగులు స్కెచ్ పెన్నుతో దిద్దాలి, అడిషనల్ షీట్లు నాలుగు కట్టి రావాలి, గట్టెక్కినట్టే. నగరంలో ఒక అటానమస్ కాలేజీ నడుపుతున్న ‘బ్రిటన్ చరిత్ర, 1485–1948’ పేపరు దగ్గర ఈ లెక్క పాస్ మార్కుల దాకానే వస్తుంది. ఆపైన గ్రేడు కావాలంటే అడిగిన ప్రశ్నకే జవాబు రాయాలి. వినడానికి ఇదేమంత గొప్ప షరతులా అనిపించదు గానీ, తరగతిలో సగం మంది జారేది ఇక్కడే. సిలబస్, పనులు చూస్తే అయిదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. మూల్యాంకనం నడిచే తీరుకు మూడు మించదు.

పేపరుకు నాలుగు క్రెడిట్లు, 15 వారాలు, 60 గంటలు. అయిదు యూనిట్లు, ఒక్కోదానికి 12 గంటలు. ట్యూడర్ రాజవంశం ఒకటో యూనిట్, స్టువర్టు రాజవంశమూ అంతర్యుద్ధం రెండోది, 19వ శతాబ్దపు సంస్కరణలు నాలుగోది, రెండు ప్రపంచ యుద్ధాల నుంచి 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యేదాకా అయిదోది. అన్యాయం జరిగింది మూడో యూనిట్‌కి. 1689 నుంచి 1815 దాకా, అంటే స్కాట్లాండుతో విలీనం, ప్రధాని వాల్పోల్, అమెరికా చేజారడం, పారిశ్రామిక విప్లవం, నెపోలియన్ యుద్ధాలు అన్నీ ఆ 12 గంటల్లోనే సర్దాలి. పారిశ్రామిక విప్లవానికి రెండు క్లాసులు కూడా దక్కవు. ఆ యూనిట్ సొంతంగా చదువుకోవాల్సిందేనని ముందే అనుకుంటే తర్వాత బాధ ఉండదు.

ఇక మార్కులు. ఇంటర్నల్స్ 40, సెమిస్టర్ పరీక్ష 60. ఇంటర్నల్స్‌లో రెండు మిడ్ పరీక్షల సగటుకు 15, మూలపత్ర వ్యాఖ్యకు 10, వ్యాసానికి 10, గ్రూపు సెమినార్‌కు 5. చాలామంది చూపంతా చివరి పరీక్ష మీదే ఉంటుంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. చివరి పరీక్షలో ఇద్దరికీ 60కి 42 వచ్చాయనుకుందాం. ఇంటర్నల్స్‌లో 28 వచ్చినవాళ్లు 70 దగ్గర ఆగుతారు, అంటే ‘ఎ’ గ్రేడు. 38 తెచ్చుకున్నవాళ్లు 80 చేరి ‘ఎ ప్లస్’కి వెళ్తారు. చివరి పరీక్షలో ఆ పది మార్కులు అదనంగా రాబట్టాలంటే పది మార్కుల ప్రశ్న ఇంకొకటి పూర్తిగా రాసినంత పని. ఇంటర్నల్స్‌లో అయితే సమయానికి రెండు పనులు శుభ్రంగా చేసిస్తే చాలు.

ఈ పేపరులో నిజంగా మెచ్చుకోవలసింది మూలపత్ర వ్యాఖ్య. అయిదో వారంలో నాలుగు పత్రాల్లోంచి చిన్న భాగాలు ఇస్తారు. ఒకటి ఎంచుకుని 600 పదాల్లో వ్యాఖ్యానించాలి. ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం రాశారన్నదానికి 2 మార్కులు, అప్పటి పరిస్థితికి 3, వాక్యాలను దగ్గరగా చదివినందుకు 3, ఆ పత్రం ఏం చెప్పడం లేదో పట్టుకున్నందుకు 2. చివరి రెండు మార్కులూ దాదాపు ఎవరికీ రావు, ఎందుకంటే ఆ ప్రశ్న వేసుకునే అలవాటే మన చదువుల్లో లేదు.

1689 నాటి హక్కుల బిల్లునే తీసుకోండి. ఎక్కువ మంది ఎంచుకునేది అదే, ఎక్కువ మంది బోల్తాపడేదీ అదే. మామూలుగా వచ్చే మొదటి వాక్యం ‘ఈ బిల్లు ద్వారా ఇంగ్లండు ప్రజలకు ప్రాథమిక హక్కులు లభించాయి’ అని. మన రాజ్యాంగం మూడో భాగం చదివిన కళ్లతో చూస్తే అలాగే కనిపిస్తుంది మరి. పత్రంలో ఉన్నది వేరు. పార్లమెంటు సమ్మతి లేకుండా రాజు చట్టాలను నిలిపివేయకూడదు, పన్నులు వెయ్యకూడదు, శాంతికాలంలో సైన్యాన్ని పోషించకూడదు. పార్లమెంటు ఎన్నికలు స్వేచ్ఛగా జరగాలి, అందులో మాట్లాడినదానికి బయట విచారణ ఉండకూడదు. అంటే ఇది ప్రధానంగా రాజుకీ పార్లమెంటుకీ మధ్య హద్దు గీసిన కాగితం. ఆయుధాలు ఉంచుకునే వీలు కూడా ప్రొటెస్టెంట్లకే ఇచ్చింది. మామూలు రైతుకు ఓటు గురించి ఒక్క ముక్క లేదు. ఈ ‘లేదు’ అన్న సంగతిని రెండు వాక్యాల్లో రాసి, ఆ పార్లమెంటులో కూర్చున్నది ఎవరో చెబితే ఆ 2 మార్కులు మీవే.

ఇదే పత్రంలో తేదీ చిక్కు ఒకటుంది. బ్రిటన్ ప్రభుత్వ చట్టాల వెబ్‌సైట్ తెరిస్తే హక్కుల బిల్లు పక్కన 1688 అని ఉంటుంది. క్లాసులో 1689 అంటారు. కొందరు వెబ్‌సైట్ తప్పంటారు, కొందరు లెక్చరర్ తప్పంటారు. రెండూ సరైనవే. అప్పట్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. చట్టానికి ఆ పార్లమెంటు సమావేశం మొదలైన రోజే తేదీగా వేసేవారు. సమావేశం మొదలైంది మన లెక్కలో 1689 జనవరిలో, వాళ్ల పాత లెక్కలో అది ఇంకా 1688. రాజముద్ర పడింది 1689 డిసెంబరులో. మొదటి చార్లెస్ తల తీసిన 1649 జనవరి 30 కూడా అప్పటి కాగితాల్లో 1648గానే కనిపిస్తుంది. జనవరి 1 నుంచి ఏడాది లెక్కించడం ఇంగ్లండులో 1752లో గానీ రాలేదు, స్కాట్లాండు మాత్రం 1600లోనే మారింది. జనవరి నుంచి మార్చి 24 లోపు తేదీ ఏదైనా వస్తే పాత లెక్కా కొత్త లెక్కా అని ఒక అధస్సూచిక (ఫుట్‌నోట్) పెట్టండి. దిద్దేవాళ్లకు మీరు పత్రం తెరిచి చూశారని అర్థమవుతుంది.

వ్యాసానికి 1,500 పదాలు, పన్నెండో వారంలో ఇవ్వాలి. తొమ్మిదో వారంలో చేత్తో రాసిన ఒక పేజీ ప్రణాళిక చూపించకపోతే వ్యాసం తీసుకోరు. తర్వాత అయిదు నిమిషాలు మౌఖికం. నెట్‌లోంచో చాట్‌జీపీటీ నుంచో దింపినవాళ్లు దొరికేది మౌఖికం దాకా కూడా కాదు, అధస్సూచికల్లోనే. లేని పుస్తకానికి పేజీ నంబరు వేసిన వ్యాసాలు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తాయి. పుస్తకం తెచ్చి ఆ పేజీ చూపించమంటారు, అంతే సంగతులు.

ప్రశ్నలు మాత్రం బావుంటాయి. ‘1832 సంస్కరణ చట్టం విప్లవాన్ని ఆపిందా?’ అన్నది మచ్చుకు. గైడులోని జవాబు చట్టం అంశాలను వరసపెట్టి చెబుతుంది: జనం లేని 56 బరోల (పట్టణ నియోజకవర్గాల) సీట్లు పూర్తిగా పోయాయి, మరో 30 ఒక్కో సీటు కోల్పోయాయి, మాంచెస్టర్ లాంటి ఊళ్లకు సొంత సభ్యులు వచ్చారు, బరోల్లో ఏటా 10 పౌండ్ల విలువ చేసే ఇల్లు ఉన్న మగవాళ్లకు ఓటు. ఇవన్నీ సరైనవే, అయినా పదికి నాలుగైదే వస్తాయి. ఎందుకంటే అడిగింది ‘ఆపిందా’ అని, ‘ఏముంది’ అని కాదు. 1831 అక్టోబరులో ప్రభువుల సభ బిల్లును తోసిపుచ్చాక బ్రిస్టల్‌లో జరిగిన అల్లర్లు, 1832 మేలో ప్రధాని గ్రే రాజీనామా, రాజు ఆయన్నే మళ్లీ పిలిపించుకోవాల్సి రావడం, ఇవి ‘ఔను’ వైపు వాదన. చట్టం వచ్చాక కూడా వయోజన పురుషుల్లో చాలామందికి ఓటు లేకపోవడం, ఆరేళ్లకే 1838లో ఓటు హక్కు కోసం ఉద్యమించిన చార్టిస్టులు ఆరు కోర్కెలతో రావడం ‘కాదు’ వైపు. రెండు వైపులా పెట్టి, మీరు ఎటు మొగ్గుతారో ఎందుకో చెప్పాలి. మొగ్గకుండా ‘రెండు అభిప్రాయాలూ ఉన్నాయి’ అని వదిలేస్తే ఏడు దగ్గర ఆగిపోతారు. చార్టిస్టుల ఆరింటిలో అయిదు తర్వాత అమలయ్యాయని అందరూ రాస్తారు. అమలు కానిది ఏటేటా పార్లమెంటు ఎన్నిక అన్నదని, రహస్య ఓటు 1872లో, సభ్యులకు జీతం 1911లో వచ్చాయని రాసేవాళ్లు తక్కువ.

కొన్ని పొరపాట్లకు ఎర్రసిరా సిద్ధంగా ఉంటుంది. 1707లో స్కాట్లాండుతో విలీనానికి ముందు సంగతి రాస్తూ గ్రేట్ బ్రిటన్ ప్రభుత్వం అనడం ఒకటి. 1603లో స్కాట్లాండు రాజు ఆరో జేమ్స్ ఇంగ్లండు గద్దె కూడా ఎక్కాడు గానీ, రాజు ఒక్కడే తప్ప పార్లమెంట్లు రెండు. ఎనిమిదో హెన్రీ ప్రొటెస్టెంటు అయిపోయాడనడం ఇంకొకటి. 1534లో పోప్‌తో తెగతెంపులు చేసుకున్నవాడే 1539లో ఆరు సూత్రాల చట్టంతో క్యాథలిక్ సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. రెండో జేమ్స్‌ను గద్దె దింపిన 1688 విప్లవం రక్తపాతం లేనిదని రాస్తే, ఐర్లండులో 1690 బోయిన్ యుద్ధం సంగతేమిటని మార్జిన్‌లో ప్రశ్న పడుతుంది. 1918లో ఆడవాళ్లకు ఓటు వచ్చిందని అక్కడితో ఆపేసినా అంతే: అది 30 ఏళ్లు నిండి ఆస్తి అర్హత ఉన్నవాళ్లకు, మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకు వచ్చింది 1928లో.

అన్నిటికన్నా పెద్ద గందరగోళం సెమినార్‌లో బయటపడుతుంది. బ్రిటన్ చరిత్ర వేరు, భారతదేశంలో బ్రిటిష్ పాలన వేరు. స్థానిక ఆనవాలు ఒకటి తీసుకుని బ్రిటన్ చరిత్రతో ముడిపెట్టమంటారు. పాతపోస్టాఫీసు దగ్గరి విక్టోరియా రాణి బొమ్మ, కింగ్ జార్జ్ ఆసుపత్రి పేరు, భీమిలి సమాధులు, ఇలా మొదలవుతాయి. భీమిలివి డచ్చివాళ్లవన్న సంగతి స్లైడ్లు అయ్యాక గాని గుర్తుకు రాదు. రాణి బొమ్మ గ్రూపు నేరుగా 1857 తిరుగుబాటుకి, 1858 రాణి ప్రకటనకి వెళ్లిపోతుంది. అడిగింది విక్టోరియా కాలంలో గద్దెకు మంత్రివర్గం మీద ఎంత పట్టు మిగిలిందని. ఇదే సెమినార్‌ను బాగా చేయాలంటే ఈస్టిండియా కంపెనీని లండన్ వైపు నుంచి చూడాలి. విశాఖ ఉన్న ఉత్తర సర్కారులు 1765 మొగలు చక్రవర్తి ఫర్మానాతో కంపెనీ చేతికొచ్చాయి, ఏడేళ్లు తిరిగేసరికి అదే కంపెనీ అప్పు కోసం ప్రభుత్వం గుమ్మంలో నిలబడింది. దాని ఫలితం 1773 రెగ్యులేటింగ్ చట్టం. 1783లో మంత్రి ఫాక్స్ కంపెనీని అదుపు చేయడానికి తెచ్చిన ఇండియా బిల్లు ప్రభువుల సభలో ఓడిపోయి ఫాక్స్–నార్త్ ప్రభుత్వాన్నే కూల్చింది, ప్రధాని కుర్చీ చిన్న పిట్‌కి (విలియం పిట్ ద యంగర్) దక్కింది. మన తీరం సంగతి వెస్ట్‌మినిస్టర్ మంత్రివర్గాన్ని కదిపిన ముడి ఇది. ఇంత మంచి అంశానికి 5 మార్కులే, అదీ గ్రూపు మొత్తానికి ఒకే మార్కు. పనిచేసినవాళ్లకూ పేరు మాత్రం రాయించుకున్నవాళ్లకూ తేడా లేదు. ఈ పద్ధతి మార్చాలి.

మూల్యాంకనం మీద ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. పైన చెప్పిన 2–3–3–2 విభజన పత్రాలు ఇచ్చిన రోజే నోటీసు బోర్డులో పెట్టరు, అడిగితే చెబుతారు. దిద్దిన వ్యాఖ్య చేతికి వచ్చేది వ్యాసం ఇచ్చేశాక. మొదటి పనిలో ఏం తప్పు జరిగిందో తెలియకుండానే రెండో పని అయిపోతుంది. మిడ్స్‌లో ఎక్కువ వచ్చిందాన్ని కాకుండా సగటు తీయడం వల్ల మొదటి మిడ్ ఎగ్గొట్టినవాళ్లు లేవలేరు. దిద్దే చేయి మాత్రం నికార్సైనది. అందమైన అక్షరాలకు, పేజీల సంఖ్యకు అదనపు మార్కు లేదు.

చివరి పరీక్షకు మూడు గంటలు. పార్ట్-ఎలో ఎనిమిది ప్రశ్నల్లో అయిదు రాయాలి, ఒక్కోటి 4 మార్కులు. పార్ట్-బిలో నాలుగు పది మార్కులవి, ఒక్కోదానిలో ఇది లేదా అది. చిన్నవాటికి పదేసి నిమిషాలు, పెద్దవాటికి 28 చొప్పున పెట్టుకుంటే 162 అవుతాయి. మిగిలిన 18 ప్రశ్నలు ఎంచుకోవడానికి, తేదీలు సరిచూసుకోవడానికి. చిన్న ప్రశ్నకు ఒకటిన్నర పేజీ రాసి, నాలుగో పెద్ద ప్రశ్న దగ్గర పాయింట్లు మాత్రమే గిలికే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. ఆ పాయింట్లకు మూడు మార్కులు వస్తే గొప్ప.

పుస్తకాలకు కాలేజీ లైబ్రరీ చాలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వీఎస్ కృష్ణా గ్రంథాలయంలో అడిగి చూడండి, చూడనిస్తారో లేదో మీ లెక్చరర్ ఉత్తరం మీద ఆధారపడొచ్చు. కూర్చుని రాసుకోవడానికి ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నయం. మూలపత్రాలకు బ్రిటన్ జాతీయ అభిలేఖాగారం వెబ్‌సైట్‌లో విద్యార్థుల విభాగం ఉంది, ఉచితమే. పక్కనే పాత లిపిని మామూలు అక్షరాల్లో రాసిన ప్రతి కూడా పెడతారు కాబట్టి చదవడం కష్టం కాదు.

హాజరు 75 శాతం తప్పనిసరి. రీవాల్యుయేషన్ చివరి పరీక్ష 60 మార్కులకే, ఇంటర్నల్స్‌కి లేదు. అందుకని ఇంటర్నల్ మార్కుల జాబితా మీద సంతకం పెట్టమన్నప్పుడు కూడిక సరిచూసుకుని పెట్టండి. మిడ్స్ సగటు అర మార్కు దగ్గర పైకి సవరిస్తామని చెబుతారు, జాబితాలో ఆ అర ఒక్కోసారి ఎగిరిపోతుంది.