బిషప్పు సంతకమా, సంఘం ఓటా: ఏది మేలు?

వరంగల్ ప్రాంతంలో మూడు రకాల చర్చి పరిపాలనలు పక్కపక్కనే నడుస్తున్నాయి. కాజీపేట ఫాతిమానగర్‌లో కతోలికుల ప్రధాన దేవాలయం ఉంది. ఆ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం, 1952లో ఏర్పడింది, అక్కడ మాట పైనుంచి కిందికి వస్తుంది. హనుమకొండలో అమెరికన్ మిషనరీలు నాటిన బాప్టిస్టు సంఘాలున్నాయి. అక్కడ సంఘం చేతులెత్తి చెప్పిందే మాట. రైలెక్కి వెళ్తే దోర్నకల్. ఆంగ్లికన్ల (ఇంగ్లండు చర్చి సంప్రదాయం వారి) తొలి భారతీయ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన అజరయ్య గారు పరిచర్య సాగించిన చోటు. 1947 నుంచి అది సీఎస్ఐలో, అంటే దక్షిణ ఇండియా సంఘంలో భాగం. అక్కడ బిషప్పూ ఉంటారు, ఆయన ప్రాంతానికి డయాసిస్ కౌన్సిలూ ఉంటుంది, అన్నిటికీ పైన సినడ్ అనే మహాసభ ఉంటుంది.

స్వలింగ ప్రేమికులను, ట్రాన్స్‌జెండర్లను సంఘంలోకి, ప్రభు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే విధికి), పరిచర్యకు చేర్చుకోవాలా అన్న తగువు వస్తే ఈ మూడింటిలో ఏ పద్ధతి మేలు? వాక్యం ఏమంటుందన్నది వేరే చర్చ. చేర్చుకోవాలన్నది నా అభిప్రాయం, అది దాచను. ఇక్కడ నా ప్రశ్న తీర్పు ఎవరు, ఎలా చెప్పాలన్నదే.

బాప్టిస్టు పద్ధతి కాగితం మీద ఎంతో ముచ్చటగా ఉంటుంది. తగువు వస్తే సంఘానికి చెప్పమని మత్తయి 18లో ఉంది కదా, బిషప్పుకు చెప్పమని లేదు కదా అంటారు మావాళ్లు. అమెరికన్ బాప్టిస్టుల జనరల్ బోర్డు 1992లో స్వలింగ సంబంధాలు క్రైస్తవ బోధకు సరిపడవని తీర్మానించింది. అయినా స్థానిక సంఘాలను కట్టడి చేసే అధికారం దానికి లేదు. ఆ మరుసటి ఏడే చేర్చుకునే సంఘాలు కొన్ని ఒక కూటమి కట్టుకున్నాయి. 2006లో పసిఫిక్ సౌత్‌వెస్ట్ ప్రాంతీయ విభాగం, చేర్చుకునే సంఘాలను ఉండనిస్తున్నారని అలిగి, బయటికి వెళ్లిపోయింది. ఎవరి దారి వారిది.

నేను పుట్టి పెరిగింది అలాంటి ఇంట్లోనే, కాబట్టి రెండో వైపూ చూశాను. ఊరు చెప్పను. మా సంఘంలో కీబోర్డు వాయించే కుర్రాడు ఉండేవాడు. క్రిస్మస్ ముందు ఇంటింటికీ పాటలతో తిరిగేటప్పుడు రాత్రి రెండింటికీ వాడి వేళ్లు అలిసేవి కావు. వాడికి ఇంకో అబ్బాయంటే ఇష్టమన్న సంగతి బయటపడింది. ఆదివారం ఆరాధన కాగానే సంఘస్థులంతా కూర్చోండన్నారు. వాడు రాలేదు. కీబోర్డు మీద ఎర్ర గుడ్డ కప్పి ఉంది. "అయ్యగారూ, వాడు మన కళ్ల ముందు పుట్టినవాడు కదండీ" అని ఒక పెద్దమ్మ మెల్లగా అంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, తల దించుకున్నారు. వాడిని తప్పించడానికి ఒప్పుకోని వాళ్లు చేతులెత్తమన్నారు. ఆమె చేయి సగం దాకా లేచి, కొంగు సర్దుకుని కిందికి దిగింది. నా చెయ్యి అసలు లేవలేదు. అంతా అయిదు నిమిషాల పని. రిజిస్టరులో 'ఇతర విషయాలు' కింద "కీబోర్డు బాధ్యత మరొకరికి అప్పగించడమైనది" అని ఒక్క ముక్క రాశారు. వాడి పేరు లేదు, కారణం లేదు. పైన అడగడానికి ఎవరూ లేరు, ఎందుకంటే సంఘానికి పైన ఎవరూ లేరన్నదే కదా మా గొప్ప.

సినడ్ పద్ధతి నత్తనడక. ఎంత నత్తనడకో చూడాలంటే స్త్రీల విషయం చాలు. 1947లో పుట్టిన సీఎస్ఐలో తొలి స్త్రీ గురుపట్టాభిషేకం 1976లో జరిగింది. నంద్యాలలో పుష్ప లలిత గారు తొలి మహిళా బిషప్పు అయ్యేసరికి 2013 వచ్చింది. నియమావళి మార్చాలంటే సినడ్ ఒప్పుకున్నాక డయాసిస్ కౌన్సిళ్లూ ధ్రువీకరించాలి. బిషప్పుల విరమణ వయసును 67 నుంచి 70కి పెంచే సవరణే కోర్టుకెక్కింది. ఇక ఈ సంగతి ఎప్పటికి తేలుతుందో మీరే లెక్క వేసుకోండి.

మహాసభ ఓటుతోనే నడిచే ప్రొటెస్టెంటు శాఖ, అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టులది ఇంకా పెద్ద కథ. స్వలింగ సంబంధాలు తగవన్న మాటను వాళ్లు 1972లో నియమాల్లో చేర్చారు. 2019లో సెయింట్ లూయిస్ మహాసభ 438-384 ఓట్లతో నిషేధాన్ని మరింత బిగించింది. 2024లో షార్లెట్ మహాసభలో స్వలింగ ప్రేమికులకు పాస్టరు పట్టా ఇవ్వకూడదన్న నిషేధం 692-51తో ఎగిరిపోయింది. అయిదేళ్లలో మనసులు ఇంతగా మారాయా అని మురిసిపోనక్కర్లేదు. ఓటుకు హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మద్దతు తెచ్చుకుని, బకాయిలు కట్టేస్తే ఆస్తితో సహా వెళ్లిపోవచ్చని 2019లోనే నియమం పెట్టారు. 2023 చివరికి దాదాపు 7,600 సంఘాలు వెళ్లిపోయాయి, అంటే అమెరికాలోని వారి సంఘాల్లో సుమారు పావు వంతు. వద్దనేవాళ్లలో చాలామంది లేచి వెళ్లాక జరిగిన ఓటు అది. అయినా దారి, ధర, గడువు ముందే రాసి పెట్టుకుని విడిపోయారు. మన దగ్గర సంఘం చీలితే ముందు తాళం మారుతుంది, తర్వాత పోలీస్ స్టేషన్.

బిషప్పూ సినడూ ఉన్న పద్ధతిలో ఇంకో జబ్బు బదిలీ. మా అత్తగారి తరఫు వాళ్ల సంఘంలో ఒక అయ్యగారు ఒక ట్రాన్స్‌జెండర్ అక్కకు బల్ల ఇచ్చారు. ఆ వేసవిలోనే ఆయనకు దూరపు పాస్టరేటుకు (ఒక పాస్టరు చూసుకునే సంఘాల గుంపుకు) బదిలీ ఉత్తర్వు వచ్చింది. కారణం అందులోనూ రాయలేదు. కానీ ఆమె పేరు మాత్రం సభ్యుల పట్టీలో అలాగే ఉండిపోయింది. కొట్టేయాలంటే నోటీసు ఇవ్వాలి, కారణం చూపాలి, పై కమిటీకి పంపాలి. అంత ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆమె ఇప్పటికీ బల్లకు వస్తుంది. మంచిని ఆలస్యం చేసే ఆ కాగితాలే చెడుకూ అడ్డం పడ్డాయి. నేను సినడ్ వైపు మొగ్గింది అక్కడే.

రోము, అంటే కతోలికుల సంగతి క్లుప్తంగా. స్వలింగ జంటలను పూజావిధితో పనిలేకుండా దీవించవచ్చని 2023 డిసెంబరులో వాటికన్ ప్రకటించింది. ఫాతిమానగర్‌లో ఎవరూ ఓటు వేయలేదు, ఎవరినీ అడగలేదు కూడా. ఒక సంతకంతో వచ్చింది ఇంకో సంతకంతో పోవచ్చు. ఇక పాస్టరు గారి పేరుతోనే నడిచే స్వతంత్ర సంఘాల్లో నియమమంటే ఆయన మానసిక స్థితి, అంతే.

మన దేశంలో పెళ్లి తగువు ఇంకా గుడి గడప దాకా రాలేదు. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరం కాదంది, 2023లో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. కాబట్టి ఇక్కడ ప్రశ్న సభ్యత్వం, పాట, బల్ల, చివరికి సమాధుల తోటలో ఆరడుగుల చోటు. వీటికి బిషప్పు దయా వద్దు, ఆదివారం మధ్యాహ్నపు చేతులూ వద్దు. రాసిన నియమం, పైన అప్పీలు కావాలి. ఒక్క షరతు: ఇష్టం లేని పాస్టరును బలవంతపెట్టకూడదు. షార్లెట్‌లోనూ నిషేధం తీసేశారే గానీ, పెళ్లి చేసి తీరాలని ఎవరినీ కట్టడి చేయలేదు.

మా సంఘం నిబంధనలు ఈ మధ్య తిరగరాస్తున్నారు. ఎవరినైనా ఏ బాధ్యత నుంచి తప్పించినా పేరు, కారణం రాసి రెండు వారాల ముందు చేతికివ్వాలని, కాదన్నవాళ్లు చుట్టుపక్కల సంఘాల అసోసియేషన్‌కు చెప్పుకోవచ్చని ఒక వాక్యం రాసిచ్చాను. కార్యదర్శి కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"బాగానే ఉందన్నా. ఎజెండాలో ఎక్కడ పెట్టమంటారు? ఇతర విషయాల్లో పెట్టేదా?"