ప్యాకెట్ తిండా, వండుకున్న తిండా?

2019లో అచ్చయిన, పోషకాహార పరిశోధకుడు కెవిన్ హాల్ అధ్యయనం నాకు కళ్లు తెరిపించింది. అమెరికాలోని బెథెస్డాలో 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ప్యాకెట్ తిండి (ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసినది), రెండు వారాలు వండిన తిండి పెట్టారు. వడ్డనలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు ఇంచుమించు సమానమే. ప్యాకెట్ తిండిలో పీచు చాలక నిమ్మ పానీయంలో పీచు పొడి కలపాల్సి వచ్చింది! కావలసినంత తినమన్నారు.

తిన్నది: ప్యాకెట్‌తో రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ, అదీ గబగబా.
బరువు: ప్యాకెట్‌తో 0.9 కిలో పెరిగారు, వండినదానితో అంతే తగ్గారు.
ఖర్చు: వారానికి ప్యాకెట్‌కు 106 డాలర్లు, వండినదానికి 151.
శ్రమ: ప్యాకెట్‌దే సుఖం.

చేతిలో డబ్బు, తీరిక రెండూ లేని రోజున ప్యాకెట్టే గతి, తప్పు లేదు. బరువు తగ్గాలనుకుంటే మాత్రం వండుకోండి.