చెట్టు మీద బ్యాటరీ రంపం: మూడేళ్లు దాటాక నా మాట

చెట్ల పని చేసే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నది బ్యాటరీ రంపం గురించే. చెట్టెక్కి కొమ్మలు కొట్టేవాళ్లయితే కళ్లు మూసుకుని కొనండి. నేల మీద దుంగలు కోసేవాళ్లయితే మాత్రం ఆ డబ్బుతో పెట్రోల్ మిషనే తీసుకోండి. రెండూ వాడుతున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాది నెల్లూరు. మాగుంట లేఔట్, దర్గామిట్ట, మూలాపేట వైపు ఇళ్ల మీదికి వాలిన వేపలు, గోడల్ని చీలుస్తున్న బాదం చెట్లు, కరెంటు తీగల్లో దూరిన కానుగలు, ఇదే నా రోజువారీ పని. పిలిస్తే కావలి, గూడూరు, ఒంగోలు దాకా వెళ్తాను. మొదటినుంచీ పెట్రోల్ రంపమే వాడాను. 2022 చివర్లో ఈ బ్యాటరీ రంపం కొన్నాను. పిడి పైన ఉంటుంది, చైన్ చుట్టూ తిరిగే బార్ 12 అంగుళాలు, 18 వోల్టుల బ్యాటరీలు రెండు కలిసి నడుపుతాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజులో మంచి కంపెనీల మిషన్లన్నిటికీ గుణాలూ లోపాలూ ఇంచుమించు ఒకటే.

అందరూ పొగ లేదు, బరువు తక్కువ అంటారు. అవి చిన్న విషయాలు. చెట్టు మీద నాకు కావలసింది, కోత అయిన క్షణాన నోరు మూసుకునే మిషన్. పెట్రోల్ రంపాన్ని కొమ్మకీ కొమ్మకీ మధ్య ఆపితే మళ్లీ తాడు గుంజి స్టార్ట్ చెయ్యాలి. ఒక కాలు పంగలో, ఒంటి బరువంతా బెల్టు మీద, ఎడం చేత్తో మిషన్ పట్టుకుని కుడి చేత్తో తాడు గుంజడం ఎంత నరకమో ఎక్కినవాడికే తెలుసు. అందుకని ఎవరూ ఆపరు. గుర్రుమంటున్న మిషన్‌ని అలాగే నడుముకి వేలాడేసుకుని ఇంకో కొమ్మ మీదికి పాకుతారు. ఆ గోలలో, కొమ్మకి కట్టిన తాడు కింద పట్టుకున్న మనిషి మాట వినపడదు. కొమ్మ చేసే చప్పుడు అసలే వినపడదు.

ఆ చప్పుడు వినడం మా పనిలో సగం. నిద్రగన్నేరుకి పక్కకి చాచిన బరువైన కొమ్మ ఉందనుకోండి. కింద గాటు పెట్టి, పైనుంచి కోస్తూ పోతే, తెగడానికి ముందు లోపల నార సన్నగా చిటుక్కుమంటుంది. కాసేపటికి ఇంకోటి. తర్వాత వరసగా. బ్యాటరీ మిషన్‌లో ట్రిగ్గర్ వదిలితే చైన్ ఆగిపోతుంది, ఆ చిటుకులన్నీ చెవిన పడతాయి. కింద ఉన్న బాబాయ్‌కి "తాడు బిగబట్టు" అని మామూలు గొంతుతోనే చెప్తాను. "పట్టినా అబ్బయ్యా, కొయ్యి" అని ఆయన అన్నాకే మిగతా నార తెంచుతాను. పెట్రోల్ మిషన్‌తో ఇదంతా సైగలతోనూ అరుపులతోనూ నడిచేది, సాయంత్రానికి ఇద్దరి గొంతులూ పోయేవి. తురాయి, మునగ మాత్రం చెప్పాపెట్టకుండా పుటుక్కున విరుగుతాయి. వాటి దగ్గర ఏ మిషన్ అయినా ఒకటే.

కోత నాణ్యత కూడా బాగుంది. పెద్ద కొమ్మని కాండం దగ్గర ఒకే కోతతో తెంపితే ఆ బరువుకి బెరడు కిందిదాకా చీలుకుపోతుంది. కాబట్టి కాండానికి అడుగు దూరంలో కిందనుంచి మూడో వంతు గాటు పెట్టాలి. దానికి కాస్త అవతల పైనుంచి కోసి కొమ్మని దించాలి. మిగిలిన మోడుని, కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే మెడకి తగలకుండా, దాని బయటి అంచున కొయ్యాలి. ఈ మూడో కోతకి సన్నటి బార్, సన్నటి చైన్ ఉన్న ఈ మిషన్‌ని మించింది లేదు. మెడ చెడకపోతే చెట్టే గాయం చుట్టూ కొత్త బెరడు పోసుకుంటుంది. తారు పుయ్యి, పెయింటు పుయ్యి అని ఇంటివాళ్లు అడుగుతుంటారు, అక్కర్లేదు. మామిడి, నిమ్మ తోటల్లో మాత్రం కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో కలిపిన బోర్డో పేస్టు పూసే అలవాటుంది. రైతు కలిపి ఇస్తే పూస్తాను.

వేపల గురించి ఒక మాట. 2021 నుంచి మన వైపు వేపలు చిటారు కొమ్మల నుంచి కిందికి ఎండుతూ వస్తున్నాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం పని అది. ఎండిన కొమ్మల్ని పచ్చి భాగం దాకా కొట్టేస్తే చాలా చెట్లు మళ్లీ చిగురు వేశాయి, కాబట్టి తొందరపడి మొదలంటా కొట్టించకండి. కొట్టించాలంటే నీరు, నేల, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి. అలాంటి చెట్టు కోశాక బ్యాటరీ ఊడదీసి, బార్‌నీ చైన్‌నీ స్పిరిట్‌తో తుడిచి గానీ ఇంకో చెట్టు ముట్టుకోను.

ఇక లోపాలు. మొదటిది ఎండ. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకి మనుషులే నిలబడలేరు. నాలుగైదు పెద్ద కొమ్మలు వరసగా కోస్తే బ్యాటరీ కాలిపోతూ బయటికి వస్తుంది. దాన్ని వెంటనే ఛార్జర్‌లో పెడితే తీసుకోదు, చల్లారేదాకా లైటు మినుకుమంటూ కూర్చుంటుంది. మే నెలలో మధ్యాహ్నం పూట నాకు దీనితో సగం పనే అవుతుంది. బ్యాటరీల్ని బండి డిక్కీలో పెట్టకుండా నీడన తడిగుడ్డ పరిచి, పైన ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి అందులో ఉంచుతాను. పని తెల్లారగట్ల మొదలుపెడితే ఇంకా మేలు.

రెండోది తుపాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ కుండపోత. ఎక్కడ చూసినా చెట్లు పడి ఉన్నాయి, ఫోన్ల మీద ఫోన్లు. మా వీధిలో కరెంటు లేదు, ఛార్జింగ్ లేదు. వానలో ఈ మిషన్ వాడకూడదు కూడా. ఆ రోజుల్లో అన్నం పెట్టింది పాత పెట్రోల్ రంపమే. దాన్ని అమ్మేద్దామని అంతకుముందే ఒకరికి బేరం కూడా చెప్పి ఉన్నాను, ఆ దెబ్బతో మానుకున్నాను.

మూడోది, ఆయిల్ కారడం. చైన్‌కి ఆయిల్ పోసే ట్యాంకు నిండా ఉంచి మిషన్‌ని పక్కకి పడుకోబెడితే తెల్లారేసరికి సంచీ అంతా జిడ్డు. దీని గురించి సర్వీసువాళ్లని అడిగితే "అది మామూలే సార్" అన్నారు. మామూలే కావచ్చు, చెప్పి అమ్మితే బాగుండేది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేస్తున్నాను. కాలిన ఇంజిన్ ఆయిల్ పొయ్యడం మన దగ్గర చాలామందికి అలవాటు. ఈ చిన్న పంపులకి అది పనికిరాదు, దానిలోని ఇనప రజను లోపల అరగదీస్తుంది.

చింత, తుమ్మ లాంటి చేవ కర్రల దగ్గర మోటారు నీరసపడుతుంది. బలంగా నొక్కితే ఆగిపోతుంది. పది అంగుళాల లావు దాటితే నేను పెట్రోల్ మిషన్ పైకి పంపమంటాను. కొబ్బరి, తాటి మట్టల నార, చైన్‌ని తిప్పే పళ్ల చక్రానికి (స్ప్రాకెట్) చుట్టుకుని చైన్‌ని పట్టేస్తుంది, మట్టలకి కత్తే హాయి. తీరం వైపు సరుగుడు మొదట్లో ఇసుక ఉంటుంది, ఒక్క కోతకే పళ్లు మొద్దుబారతాయి. అన్నిటికంటే పాపం ట్రంకు రోడ్డు చెట్లది. ఫ్లెక్సీల మేకులు, పాత ఇనప కంచె ముక్కలు కాండంలో కూరుకుపోయి ఉంటాయి. ఇలాంటి చోట కొయ్యబోయే ముందు బెరడు మీద చేత్తో తడుముతాను, నల్లటి మచ్చ కనిపిస్తే ఆ చోటు వదిలేస్తాను. పదును పెట్టడానికి నా చైన్‌కి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోయింది. ప్రతి పంటికీ అన్నే రుద్దులు వెయ్యాలి, లేకపోతే కోత ఒక పక్కకి పోతుంది.

నాకు నిజంగా భయం వేసే విషయం వేరే ఉంది. తేలిగ్గా ఉంది కదా అని కుర్రాళ్లు దీన్ని ఒంటి చేత్తో వాడుతున్నారు. బార్ కొస పై భాగం ఏ కర్రకో తగిలితే మిషన్ ఒక్క ఉదుటున మొహం మీదికి ఎగురుతుంది, ఒంటి చేత్తో ఆపలేరు. రెండు చేతులు ఖాళీగా ఉండాలంటే ఒళ్లు బెల్టు మీద నిలబడాలి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు మోకు మీద వాలి రెండు చేతులా పని చేసుకుంటారు చూడండి, అలాగ. కోసేటప్పుడు నేను రెండు చోట్ల కట్టుకుంటాను, అందులో ఒక తాడు లోపల ఉక్కు తీగ ఉన్నది. నైలాన్ తాడుకి చైన్ తగిలితే రెప్పపాటులో తెగుతుంది.

ప్లాస్టిక్ బాడీ కాబట్టి షాక్ కొట్టదని కూడా కొందరు అనుకుంటున్నారు. అది అబద్ధం. పచ్చి కొమ్మ 11 కేవీ (11 వేల వోల్టుల) తీగకి తగిలితే మిషన్ ఏదైనా మనిషి పోతాడు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, లైన్ ఆపి ఎర్త్ చేశాక కూడా చుట్టుపక్కల ఇళ్లలో జనరేటర్లు నడుస్తున్నాయేమో కనుక్కోండి, వాటి కరెంటు వెనక్కి తీగల్లోకి వచ్చే ప్రమాదం ఉంది.

మూడేళ్లలో బార్ ఒకసారి మార్చాను, చైన్లు చాలానే అరిగాయి. మోటారుకి ఇంతవరకు ఏమీ కాలేదు. మొదటి బ్యాటరీల జత ఇప్పుడు కొత్తప్పటి పనిలో సగానికి కొంచెం ఎక్కువ ఇస్తోంది. కొనేటప్పుడు మిషన్ ధర చూసి మురిసిపోకండి, అసలు ఖర్చు రెండో జత బ్యాటరీలది. అది లేకుండా మధ్యాహ్నం దాకా కూడా పని సాగదు. ఆ మిషన్‌కి సరిపోయే చైన్ మీ ఊళ్లో దొరుకుతుందో లేదో కూడా ముందే కనుక్కోండి. నా సైజుది నెల్లూరులో దొరకక చెన్నై నుంచి తెప్పించుకుంటున్నాను, అందుకే ఇంట్లో ఎప్పుడూ రెండు కొత్త చైన్లు అదనంగా ఉంచుతాను.