ఆరేళ్లకు పైగా షేప్లీ వాడినాక నా మాట

2019 ఎండాకాలం నుంచి పైథాన్‌లో షేప్లీ వాడుతున్నా, అంటే గీతలు, ఆకారాల లెక్కలు చేసిపెట్టే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమేం కాదు, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర్లో ఒక సర్వేయర్ ఆఫీసులో నక్షాలు గీసే పని. ఫీల్డ్ నుంచి డీజీపీఎస్ (మామూలు జీపీఎస్ కంటే కచ్చితమైనది) పాయింట్లు వస్తాయి, టీపన్‌లు (సర్వే కొలతల పాత కాగితాలు) చూసి సర్వే నంబర్ల హద్దులు గీసుకుంటాం, వాటి మీదుగా కాల్వో, రోడ్డో, కరెంటు లైనో పోతుంది. అది ఏ నంబర్‌లోకి ఎక్కడ దూరింది, ఎక్కడ బయటపడింది, మధ్యలో ఎన్ని గుంటలు పోయింది, రోజూ ఇదే లెక్క. విప్పి చూస్తే లోపల ఉన్నది ఒక్కటే ప్రశ్న, రెండు గీతముక్కలు ఎక్కడ కలుస్తాయి? కాకపోతే ఒక ఫైలుకు కొన్ని వేలసార్లు అడగాలి.

మొదట సొంతంగానే రాసుకున్నా. ఇంటర్‌లో నేర్చుకున్న వై ఈక్వల్స్ ఎంఎక్స్ ప్లస్ సి ఉంది కదా, రెండు సమీకరణాలు సాధిస్తే అయిపోతుందనుకున్నా. మొదటి రోజే ఒక నిట్టనిలువు గెట్టు దగ్గర సున్నాతో భాగించబోయి ప్రోగ్రాం ఆగిపోయింది. దానికో ఇఫ్ పెట్టా. తర్వాత నిలువుకు కొంచెం తక్కువగా ఉన్న గెట్టు వచ్చింది, ఎం విలువ లక్షల్లోకి పోయి జవాబు ఎటో పడింది. అప్పుడు గానీ క్రాస్ ప్రొడక్ట్ దారికి రాలేదు. ఇప్పుడైనా సొంతంగా రాసుకుంటామనే వాళ్లకు ఇదే చెబుతా. మొదటి గీత ఏ నుంచి బీ దాకా, రెండోది సీ నుంచి డీ దాకా అనుకోండి. బీలోంచి ఏ తీసేస్తే ఆర్, డీలోంచి సీ తీసేస్తే ఎస్. ఆర్, ఎస్‌ల క్రాస్ ప్రొడక్ట్ కింద పెట్టండి, అంటే ఆర్ ఎక్స్‌ని ఎస్ వైతో గుణించి అందులోంచి ఆర్ వై, ఎస్ ఎక్స్‌ల లబ్ధం తీసేయడం. సీలోంచి ఏ తీసేసి, దాన్ని ఎస్‌తో క్రాస్ చేసి కిందిదానితో భాగిస్తే టీ, ఆర్‌తో చేసి భాగిస్తే యూ. రెండూ 0 నుంచి 1 లోపు ఉంటే ముక్కలు కలిసినట్టే, ఏకి టీ రెట్ల ఆర్ కలిపితే ఆ పాయింట్ చేతికొస్తుంది. టీ 1.3 అని వచ్చిందంటే గీతను ఇంకా సాగదీస్తే కలుస్తుందేమో గానీ ముక్క మీద కలవదు. కింద సున్నా వస్తే సమాంతరం, యూ లెక్కలో పైన కూడా సున్నానే వస్తే రెండూ ఒకే గీత మీద పడుకున్నాయన్నమాట. అప్పుడు ఒకదాని మీద ఒకటి ఎంత మేర పడిందో విడిగా చూసుకోవాలి.

ఇంత తెలిసీ ఇంకో గుంతలో పడ్డా. ఎక్కడో దొరికిన రెడీమేడ్ సూత్రం పెట్టా, అందులో తేడాలు తీయకుండా అసలు కోఆర్డినేట్లనే ఒకదానితో ఒకటి గుణిస్తారు. యూటీఎం అంటే భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, కోసి చోటును మీటర్లలో చెప్పే పద్ధతి. నల్లగొండ దగ్గర దాని 44వ జోన్‌లో ఈస్టింగ్ (తూర్పు వైపు అంకె) 3 లక్షల చిల్లర మీటర్లు, నార్తింగ్ (ఉత్తరం వైపు అంకె) 18 లక్షల 80 వేల చిల్లర. గుణిస్తే 50 వేల కోట్లు దాటుతుంది. కంప్యూటర్ చుక్కల సంఖ్యలు దాచుకునే డబుల్ అనే రకంలో 15, 16 అంకెలే నిలుస్తాయి కాబట్టి అంత పెద్ద సంఖ్య దగ్గర చుక్క తర్వాత నాలుగో అంకెకే నమ్మకం పోతుంది. అలాంటివి రెండు తీసుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలే దాంట్లో అసలెంతో, చెత్తెంతో ఎవరికి తెలుసు? గీతలు అడ్డంగా తగిలితే ఏ తేడా కనిపించదు. కాల్వ గెట్టు వెంబడే పోతూ పోతూ మెల్లగా దాటినప్పుడు మాత్రం పాయింట్ సెంటీమీటర్లలో పక్కకు జరుగుతుంది. ముందే దగ్గర్లోని ఒక రాయిని మూలబిందువుగా అనుకుని అన్నిట్లోంచి దాన్ని తీసేస్తే ఈ బాధ లేదు. షేప్లీ లోపల అసలు పని చేసేది జియోస్ అనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ, అది జావాలో రాసిన జేటీఎస్ నుంచి వచ్చింది. వాళ్లు ఇలాంటి జాగ్రత్తలన్నీ ఎప్పుడో తీసుకున్నారు. అది తెలిశాక నా కోడ్ పక్కన పడేశా, పైగా పైసా ఖర్చు లేదు.

ఇక షేప్లీ సంగతి. రెండు లైన్‌స్ట్రింగ్‌లు (ముక్కలు కలిపిన గీతలు) ఇచ్చి ఇంటర్సెక్షన్, అంటే ఎక్కడ కలుస్తాయో, అడిగితే జవాబొస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఏ రూపంలో వస్తుందో ముందు చెప్పలేం. ఒకచోట తగిలితే పాయింట్, మూడుచోట్ల తగిలితే మల్టీపాయింట్, కాల్వ గెట్టు మీదే 40 మీటర్లు పోతే లైన్‌స్ట్రింగ్, అలా రెండుచోట్ల పోతే మల్టీలైన్‌స్ట్రింగ్, ఒకచోట దాటి ఇంకోచోట వెంబడి పోతే రెండూ కలిసిన జామెట్రీ కలెక్షన్, అసలు తగలకపోతే ఖాళీది. నేను గుడ్డిగా జవాబులోంచి ఎక్స్ తీసుకునేవాణ్ని, లైన్‌స్ట్రింగ్ వచ్చిన రోజున ప్రోగ్రాం కూలబడింది. తప్పు లైబ్రరీది కాదు, నేల మీద ఉన్నదే అది చెప్పింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ముందు ఈ ఆరు రకాలకూ దారి వేసుకుని తర్వాతే మిగతాది రాయండి.

రెండోది ఇంకా చిరాకు పెట్టింది. ఇంటర్సెక్షన్ ఇచ్చిన పాయింట్‌నే తీసుకుని, ఇది ఆ గీత మీద ఉందా అని మళ్లీ అడిగితే చాలాసార్లు లేదంటుంది! నేను రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా. దూరం అడిగితే మీటరులో వెయ్యి కోట్లో వంతో ఎంతో చూపిస్తుంది. కంప్యూటర్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదని విన్నారు కదా, ఇదీ ఆ బాపతే. మా ఆఫీసుకు అప్పుడప్పుడూ వచ్చే పెద్దాయన ఒకరున్నారు, 33 ఫీట్ల గొలుసు, దానికి 16 ఆణాలు, ఆ కాలం మనిషి. స్క్రీన్ చూసి, "గొలుసు పట్టెటోని చెయ్యి జర వదులైతేనే బెత్తెడు పోతది బిడ్డా, నువ్వు చుక్క తర్వాత పది అంకెలు చూసి పరేషానైతున్నవా?" అన్నారు. ఆయన నవ్వుకుంటూ పోయారు గానీ నాకు మందు దొరికింది. అప్పట్నుంచి గీత మీద ఉందా అని అడగడం మానేశా, గీతకు మిల్లీమీటరు లోపు ఉందా అని దూరంతో అడుగుతా.

పక్కపక్క నంబర్లను వేరే వేరే టీపన్‌ల నుంచి గీస్తే మధ్యలో వెంట్రుకవాసి సందులు మిగులుతాయి. కాల్వ ఒక నంబర్‌లోంచి బయటపడి నాలుగు మిల్లీమీటర్లు ఎవరిదీ కాని భూమిలో నడిచి అవతలి నంబర్‌లో దూరుతుంది. దీనికి ఇప్పుడు ఇంటర్సెక్షన్‌లో గ్రిడ్ సైజ్ అని ఒకటి ఇవ్వొచ్చు, 0.01 అంటే అన్నిటినీ సెంటీమీటరు గడుల మీదికి లాగుతుంది. అన్ని సందులూ పోవు, కానీ చాలా పోతాయి. అలాగని అర మీటరు పెట్టకండి, చిన్న మడుల ఆకారమే మారిపోతుంది.

వేగం గురించి. కాల్వవి రెండు వేల ముక్కలు, గెట్లవి పదిహేను వేలు అనుకుంటే అన్నిటినీ అన్నిటితో పోలిస్తే మూడు కోట్ల జతలు. 1979లో బెంట్లీ, ఓట్‌మన్ చెప్పిన స్వీప్‌లైన్ పద్ధతి ఉంది, ఒక ఊహాగీతను మొత్తం మీదుగా జరుపుతూ కలిసేచోట్లు పట్టేది, నేను రాయబోయి సగంలో వదిలేశా. షేప్లీలోనే ఉన్న ఎస్‌టీఆర్‌ట్రీ అనే వెతుకుడు పట్టిక ఉంటే చాలు, ఒక్కో గీత చుట్టూ డబ్బా గీసుకుని, ఆ డబ్బాలు తగలని వాటిని ముందే ఏరేస్తుంది. 2022 డిసెంబర్‌లో షేప్లీ 2.0 వచ్చాక మొత్తం జాబితాను ఒకేసారి ఇచ్చేయొచ్చు, ఇదివరకు రన్ కొట్టి చాయ్‌కి పోయేవాణ్ని, ఇప్పుడు కుర్చీలోంచి లేచే టైమ్ కూడా ఇవ్వట్లేదు. కాకపోతే ఆ 2.0కి మారిన రోజు నా పాత స్క్రిప్టులు సగం పడిపోయాయి. ఎస్‌టీఆర్‌ట్రీ ఇదివరకు గీతలనే ఇచ్చేది, ఇప్పుడు వాటి వరస నంబర్లిస్తుంది. మల్టీపాయింట్ మీద నేరుగా లూప్ తిప్పలేం, జియోమ్స్ అని రాయాలి. మార్పుల కాగితం చదవకుండా పని మధ్యలో అప్‌డేట్ కొట్టింది నేనే, ఎవర్నీ అనడానికి లేదు.

పాలమూరు వైపు పని చేసేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మహబూబ్‌నగర్ ఊరు దాదాపు 78 డిగ్రీల రేఖాంశం మీదే ఉంటుంది, యూటీఎంలో 43, 44 జోన్ల మధ్య గీత అదే. నారాయణపేట 43లో పడుతుంది, జడ్చర్ల 44లో. ఆ గీత దగ్గర ఒకే రాయికి 43లో ఈస్టింగ్ దాదాపు 8 లక్షల 20 వేలు, 44లో దాదాపు లక్షా 80 వేలు. షేప్లీకి జోన్ అంటే ఏంటో తెలియదు, దానికి అవి వట్టి అంకెలు. నేను ఒకసారి కాల్వ ఒక జోన్‌లో, చేలు ఇంకో జోన్‌లో ఉన్న ఫైళ్లిచ్చా. ఏ తప్పూ చూపించకుండా, ఎంతో మర్యాదగా, ఎక్కడా కలవట్లేదని ఖాళీ జవాబు ఇచ్చింది. మ్యాప్ మీద వేసి చూస్తే జడ్చర్ల చేలన్నీ పోయి అరేబియా సముద్రంలో తేలాయి. జోన్ సంగతి జియోపాండాస్ (పైథాన్‌లో మ్యాప్ డేటా లైబ్రరీ) లోనో క్యూజీఐఎస్ (మ్యాప్ సాఫ్ట్‌వేర్) లోనో ముందే తేల్చుకుని, అన్నీ ఒకే జోన్‌లోకి మార్చాకే షేప్లీకి ఇవ్వాలి. అక్షాంశ రేఖాంశాలు డిగ్రీల్లోనే ఇచ్చేస్తే దూరాలు డిగ్రీల్లో, విస్తీర్ణాలు చదరపు డిగ్రీల్లో వస్తాయి, వాటితో గుంటలు లెక్కపెట్టలేం.

మార్కులు అడిగితే ఐదుకు నాలుగిస్తా. తగ్గించిన ఒక్క మార్కు ఆ జవాబు రూపాల గందరగోళానికి.

ఇప్పటికీ నన్ను అప్పుడప్పుడూ పట్టుకునేది ఒకటుంది. మూడు నంబర్లు కలిసే హద్దురాయి మీదుగా కాల్వ సరిగ్గా పోతే, తగిలిందా లేదా అని మాత్రమే చెప్పే ఇంటర్సెక్ట్స్ మూడింటికీ అవుననే అంటుంది, మూల తగిలినా తగిలినట్టే కదా. అలా ఒక జాబితాలో అసలు ఏమీ పోని ఒక రైతు పేరు కూడా ఎక్కింది, ఎదురుగా 0 గుంటలు. ఆయన కాగితం పట్టుకుని ఆఫీసుకొచ్చి, "పైసలు ఎప్పుడొస్తయి సారూ?" అనడిగాడు. సున్నా గుంటల వరసలు ఏరేసే ఒక లైను ఆ సాయంత్రమే రాసి అన్నిటికంటే చివర పెట్టా, ఇప్పటిదాకా తీయలేదు.