ఆర్గనా, హార్ప్సికార్డా? నేపుల్స్ స్వరకర్తల రికార్డింగ్‌కి ఏది మేలు

"ట్రబాచిని రికార్డు చేయాలనుకుంటున్నాం. డబ్బు ఒక్క వాద్యానికే సరిపోతుంది. ఆర్గన్ తీసుకోమంటారా, హార్ప్సికార్డ్ తీసుకోమంటారా?" ఈ ఏడాది నలుగురు నన్ను ఈ ప్రశ్న అడిగారు. ట్రబాచి నాలుగు వందల ఏళ్ల కిందటి నేపుల్స్ స్వరకర్త. ఆర్గన్ గొట్టాల్లో గాలితో పలికేది, హార్ప్సికార్డ్ ఈకతో తీగలు మీటేది, రెండూ మెట్లు నొక్కి వాయించే వాద్యాలే. ముగ్గురు వాయించేవాళ్లు, ఒకరు నాలాగే మైకులు పెట్టే మనిషి. ఫోన్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పాను. పోయిన శీతాకాలం మా చిన్న బృందం కూడా ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి ఇప్పుడు అంతా ఒకచోట రాస్తున్నాను.

అదే కాలంలో రోమ్‌లో పేరు పొందిన ఫ్రెస్కోబాల్ది అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. రెండు వాద్యాల మీదా మంచి రికార్డింగులు బోలెడున్నాయి, ఒకటి నచ్చనివాళ్లు ఇంకొకటి వింటారు. జొవాన్ని మరియా ట్రబాచి, అస్కానియో మయోనె, వాళ్లకు ముందుతరం జొవాన్ని ద మాక్ సంగతి వేరు. మీరు చేసే రికార్డింగే చాలామంది చెవిన పడే మొదటిది. కొందరికి అదే చివరిది కూడా కావచ్చు. ఆ రచన అంటే ఇలాగే ఉంటుందని వాళ్ల మనసులో ముద్ర పడిపోతుంది. నాకు టెన్షన్ అంతా అక్కడే.

ముందు పుస్తకాల సంగతి. ట్రబాచి సంపుటాలు 1603లో, 1615లో వచ్చాయి. మయోనెవి 1603లో, 1609లో. అన్నీ నేపుల్స్‌లోనే అచ్చయ్యాయి. ట్రబాచి అచ్చు చూస్తే నాలుగు గొంతులకు, అంటే ఒకేసారి నడిచే నాలుగు స్వరధారలకు, నాలుగు వరుసలు విడివిడిగా ఉంటాయి, రెండు చేతులకు సర్దిపెట్టి ఉండవు. 1615 సంపుటిలోని నూరు వెర్సెట్లు చర్చి ఆరాధనలో పాటకు బదులు పలకడానికి రాసినవి, కాబట్టి అవి ఆర్గన్‌వే. మయోనె 1609 సంపుటిలో 'చింబలో క్రొమాటికో' కోసమని రాసిన టొకాటా ఉంది. నల్ల మెట్లను రెండుగా చీల్చి, ఇ-ఎఫ్ మధ్య, బి-సి మధ్య కూడా ఒక్కో మెట్టు చేర్చి, అష్టకానికి (స నుంచి పై స దాకా) పన్నెండు కాక పందొమ్మిది మెట్లు పెట్టిన హార్ప్సికార్డ్ అది. అలాంటి రచనకు వేరే వాద్యం గురించి మాట్లాడే పనే లేదు. అయితే ఈ రెండు కొసల మధ్య మిగిలిందే ఎక్కువ. రిచెర్కార్‌లు, కాంజోనాలు (గొంతులు ఒకదాన్నొకటి అనుసరించే రచనలు), టొకాటాలు (స్వేచ్ఛగా, పరుగులతో సాగేవి), గయార్డాలు (నాట్యపు నడకవి), పార్టీటాలు (ఒకే బాణీకి మార్పులు) అన్నీ అందులోనే వస్తాయి. తేల్చుకోవాల్సింది వీటి గురించే.

ఖర్చు లెక్క త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అందులో వాదనేమీ లేదు. హార్ప్సికార్డ్ చవక. వ్యాన్‌లో వేసుకుని నిశ్శబ్దంగా ఉండే గది ఎక్కడుంటే అక్కడికి పోవచ్చు. ఆర్గన్ దగ్గరికి మీరే వెళ్లాలి. చర్చి పెద్దల అనుమతి కావాలి. పగలు ట్రాఫిక్, పావుగంటకోసారి గంటలు, కాబట్టి రాత్రి పదింటి తర్వాతే పని. తిత్తికి గాలి కొట్టే మోటారు శబ్దం మైకులో పడుతుంది. ఎడిటింగ్ కూడా కష్టమే. గదిలో ప్రతిధ్వని నిలిచి ఉండగా మధ్యలో కత్తిరిస్తే అతుకు తెలిసిపోతుంది, అందుకే తప్పు దొర్లిన ప్రతిసారీ రెండు మూడు వాక్యాలు వెనక్కి వెళ్లి వాయించాలి. హార్ప్సికార్డ్ మీద మూడు రోజుల్లో అయ్యే పని ఆర్గన్ మీద మాకు ఐదు రాత్రులు పట్టింది.

శ్రుతి విషయంలో మాత్రం చాలామంది అనుకునేదానికి తిరగబడి ఉంటుంది. చలికి ఆర్గన్ శ్రుతి దిగుతుంది, డిగ్రీకి సుమారు మూడు సెంట్లు (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). కానీ గాలి చల్లబడితే గొట్టాలన్నీ కలిసే దిగుతాయి, వాటిలో వాటికి పొంతన చెడదు. హార్ప్సికార్డ్ ఇత్తడి తీగలు అలా కాదు. గదిలో హీటర్ పెట్టిన అరగంటకే ఒక్కో తీగ ఒక్కో దారిన పోతుంది. మేం ప్రతి రెండు టేకులకూ శ్రుతి సరిచూసుకున్నాం. అదీ మీన్‌టోన్ అనే ఆ కాలపు శ్రుతి పద్ధతిలో. తంబూరా బాగా శ్రుతి కుదిరినప్పుడు తీగ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం ఉంది చూడండి, మీన్‌టోన్‌లో గాంధారం సరిగ్గా అదే. ఇప్పటి పియానో గాంధారం కన్నా పద్నాలుగు సెంట్లు తక్కువ. ఒక్క రెండు సెంట్లు జరిగినా ఆ నిశ్చలత పోయి స్వరం వణకడం మొదలవుతుంది.

ఇక నా దృష్టిలో అసలు తేల్చేది ఏమిటంటే, మెట్టు నొక్కాక స్వరం ఏమవుతుంది అన్నది.

హార్ప్సికార్డ్ తీగ మీటగానే పుట్టిన స్వరం ఆ క్షణం నుంచే తరిగిపోతుంది. వీణ మీటు లాంటిదే, కాకపోతే గమకంతో దాన్ని సాగదీసే వీలు లేదు. పైగా ఇటాలియన్ హార్ప్సికార్డ్ పలచని సైప్రస్ చెక్కతో చేసిన తేలిక వాద్యం. పుట్టుక గట్టిగా ఉంటుంది, ఆయువు తక్కువ. ఆర్గన్ గొట్టం వేలు తీసేదాకా ఒకే బలంతో పలుకుతుంది. ఇది అందరికీ తెలిసిందే. అయితే ఈ నేపుల్స్ సంగీతానికి అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

మాక్, ట్రబాచి ఇద్దరూ 'డురెట్సే ఎ లిగతూరే' అనే పేరుతో రచనలు చేశారు. డురెట్సే అంటే గరుకుదనాలు, లిగతూరే అంటే ముడులు. ఒక గొంతు ఒక స్వరాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది. ఇంతలో కింది గొంతు ఒక మెట్టు కదులుతుంది. అప్పటిదాకా హాయిగా ఉన్న స్వరం, తాను కదలకుండానే, గరుకుగా మారిపోతుంది. ఆ తర్వాత అది ఒక్క మెట్టు దిగి గాంధారంలో సేదతీరుతుంది, అంతలో ఇంకో గొంతులో ఇంకో ముడి పడుతుంది. రచన మొత్తం ఇంతే. పరుగులు లేవు, అలంకారాలు లేవు.

ఆర్గన్ మీద ఆ ముడి పడిన క్షణంలో రెండు స్వరాలూ సమాన బలంతో ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడి గాలిలో కొట్టుకోవడం చెవికి తెలుస్తుంది. ముడి విడిపోయి మీన్‌టోన్ గాంధారం రాగానే కొట్టుకోవడం ఆగిపోయి గది ఒక్కసారిగా నిలకడగా అయిపోతుంది. హార్ప్సికార్డ్ మీద అయితే పట్టుకున్న స్వరం అప్పటికే సగం చచ్చిపోయి ఉంటుంది. కొత్తగా మీటిన స్వరం దాన్ని కప్పేస్తుంది. గరుకుదనం ఉండాల్సిన చోట దాని జ్ఞాపకం మాత్రమే మిగులుతుంది. తెలిసిన రచన అయితే ఆ లోటును వినేవాడు మనసులో పూడ్చుకుంటాడు. కానీ ట్రబాచి 1603 నాటి 'కొన్సొనాన్సె స్త్రవగాంతి' ఎవరి మనసులోనూ ముందే లేదు.

ఈ ఇబ్బంది ఆ కాలంవాళ్లకూ తెలుసు. జిరోలమో దిరూతా 1593లో అచ్చయిన తన పాఠ్యగ్రంథంలో, ఆర్గన్ మీద నిండుగా వినిపించే పొడుగాటి స్వరం ఈక మీటే వాద్యాల మీద సగానికి పైగా పోతుందనీ, చేతి చురుకుతో మళ్లీ మళ్లీ మీటి ఆ లోటు పూడ్చాలనీ చెప్పాడు. ఫ్రెస్కోబాల్ది కూడా తన మొదటి టొకాటాల సంపుటి ముందుమాటలో, ముడులూ గరుకుదనాలూ వచ్చే చోట వాద్యం ఖాళీగా మిగలకుండా స్వరాలను మళ్లీ కొట్టమన్నాడు, ఎంత కొట్టాలన్నది వాయించేవాడి ఇష్టానికి వదిలాడు. ఫ్రెస్కోబాల్ది టొకాటాలకు ఇది చక్కగా కుదురుతుంది, వాటి నడకే మాట్లాడినట్టుగా ఉంటుంది. నాలుగు గొంతులు నాలుగు వరుసల్లో కచ్చితంగా రాసి పెట్టిన ట్రబాచికి అదే పని చేస్తే, ముడి వేసిన స్వరం మళ్లీ పుడుతుంది. కదలకుండా ఉండి గరుకుగా మారడం దాని అసలు గుణం, మళ్లీ మీటితే ఆ గుణమే పోతుంది. మా వాద్యకారుడు రెండు రకాలుగానూ వాయించి చూశాడు. మళ్లీ మీటినప్పుడు అందంగా ఉంది, నిజమే, కానీ వేరే రచనలా ఉంది.

ఇక్కడ నాకు ఎదురు నిలిచే సాక్షి ట్రబాచే. 1615 సంపుటిలో హార్ప్ కోసం రాసిన రచన దగ్గర, ప్రపంచంలోని వాద్యాలన్నిటికీ హార్ప్సికార్డే దొర, దాని మీద దేన్నయినా సులువుగా వాయించవచ్చు అని ఆయనే అచ్చు వేయించాడు. నన్ను అడిగిన నలుగురిలో ఇద్దరు ఈ మాటే చూపించారు. దాన్ని తేలిగ్గా తీసేయలేను. అయితే ఆ మాట ఎక్కడ వచ్చిందో చూడండి. హార్ప్‌కి అని రాశాను కదా అని హార్ప్సికార్డ్‌వాళ్లు దాన్ని పక్కన పెట్టొద్దు అని చెప్పే చోట వచ్చింది. రెండూ తీగ వాద్యాలే. ఆయన 1601లో స్పెయిన్ వైస్రాయ్ ప్రార్థనాలయంలో ఆర్గనిస్టుగా చేరి, 1614లో మాక్ పోయాక అక్కడి సంగీతానికి పెద్ద అయినవాడు. ఆ ఒక్క వాక్యంతో ఆర్గన్‌ని కాదన్నాడని నేను అనుకోను.

కాబట్టి రిచెర్కార్‌లకు, డురెట్సేలకు, వెర్సెట్లకు నా ఓటు ఆర్గన్‌కే. అయితే ఏ ఆర్గన్ అన్నది ముఖ్యం. పేరున్న పెద్ద చర్చి చూడగానే మనసు లాగుతుంది. బొలోన్యాలో సాన్ పెత్రోనియో ఉంది. అక్కడ లొరెన్సో ద ప్రాతో 1470లలో చేసినదీ, మలమీని 1596లో చేసినదీ, రెండు ఆర్గన్‌లు ఎదురెదురుగా ఉన్నాయి. ఈ సంగీతం కాలం నాటి గొట్టాలు అంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ కట్టడంలో స్వరం పది సెకన్లకు పైగా తిరుగుతూనే ఉంటుంది. రెండు ఆర్గన్‌ల మీద జవాబులిచ్చుకునే కాంజోనాలకు అద్భుతం. మయోనె టొకాటాలోని సన్నని పరుగులు అక్కడ పొగలా కమ్ముకుంటాయి. మేం ఒక చిన్న ఊరి చర్చికి వెళ్లాం. ఒకే వరుస మెట్లు, రెండు సెకన్లకు మించని ప్రతిధ్వని. ఎక్కువ భాగం ఒక్క ప్రిన్సిపాలే స్టాప్ (ఆర్గన్ అసలు గొంతు అనదగ్గ ఒక వరుస గొట్టాలు) మీదే వాయించాం. ఆర్గన్ అనగానే స్టాప్‌లన్నీ తెరిచి గోడలు అదరగొట్టాలన్న ఆశ వస్తుంది. ఆ ఒక్క వరుస గొట్టాల్లో మాత్రం నాలుగు గొంతులూ నలుగురు మనుషుల్లా వినిపించాయి. మైకులు గొట్టాలకు నాలుగు మీటర్ల దూరంలో పెట్టాను. ఇంకా వెనక్కి వెళితే బాగుంటుందని చర్చివాళ్లు అన్నారు. వెళ్లి విన్నాను, టెనర్ గొంతు పోయింది, తిరిగి వచ్చేశాను.

టొకాటాలు, గయార్డాలు, పార్టీటాలు హార్ప్సికార్డ్‌వే అని మొదట్లో గట్టిగా నమ్మాను, ఇప్పటికీ చాలావరకు అదే నమ్మకం. మయోనె చేతిలో ఒక మామూలు స్వరం ఉన్నట్టుండి పదహారు ముక్కలై చెల్లాచెదురవుతుంది. ప్రతి ముక్కకూ ఆ ఈక మీటే చిన్న టిక్కు ఉంటేనే లయ తెలుస్తుంది. ఎడమ చేతి కింది స్వరాల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. ఈ రచనలు కుదించిన కింది అష్టకాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. అందులో ఇ మెట్టు నొక్కితే సి పలుకుతుంది. మీ హార్ప్సికార్డ్‌కి పూర్తి అష్టకం ఉంటే దూరంగా ఉన్న కొన్ని స్వరాల జంటలు ఒక్క చేతికి అందవు. బుక్ చేసే ముందే అడిగి తెలుసుకోండి. మైకులు మీటరున్నర, రెండు మీటర్ల మధ్య పెట్టండి. మరీ దగ్గరైతే జాక్‌లు (తీగను మీటే ఈక ఉన్న చెక్క పుల్లలు) పడే చప్పుడు ముంచేస్తుంది. మాస్టరింగ్‌లో శబ్దం పెంచకండి, హార్ప్సికార్డ్‌ని ఆర్గన్ అంత పెద్దగా వినిపిస్తే రెండు పాటలకే చెవి అలిసిపోతుంది.

క్లావికార్డ్ అనే, చాలా మెల్లగా పలికే మెట్ల వాద్యం ఇంట్లో సాధనకు మంచిది, ఈ రికార్డింగ్‌కి వద్దు. గదిలోకి తెచ్చుకునే చిన్న పెట్టె ఆర్గన్ మధ్యేమార్గంలా కనిపిస్తుంది కానీ వాటిలో చాలావాటికి నిలబడే ప్రిన్సిపాలే ఉండదు, ఫ్లూటు గొట్టాల మెత్తదనంలో గరుకుదనం కరిగిపోతుంది. కంప్యూటర్ శాంపిల్ ఆర్గన్‌లు ఇంట్లో నేర్చుకోవడానికి చాలు.

మేం చివరికి ఏం చేశామంటే, ఆర్గన్ మీద పదకొండు రచనలు, హార్ప్సికార్డ్ మీద ఏడు. రెండో వాద్యం అద్దెకు వాద్యకారుడు తన చేతి డబ్బు వేశాడు. మీకు ఆ వీలు లేకపోతే, ఒక్కటే తీసుకోవాలంటే, చిన్న చర్చిలోని పాత ఆర్గన్ తీసుకుని టొకాటాల్లో రెండు మూడు తగ్గించుకోండి. తగ్గించినవాటిని తర్వాత ఎవరైనా హార్ప్సికార్డ్ మీద చేస్తారు. డురెట్సేలను హార్ప్సికార్డ్ మీద చేసి వదిలేస్తే, అవి పూర్తయిపోయాయనుకుని మళ్లీ ఎవరూ ముట్టుకోరేమోనని నా భయం.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక రోజు బొలోన్యా వెళ్లండి. పాత ఊళ్లోనే సాన్ కొలొంబానో అనే పాత చర్చిలో, ఆర్గనిస్టు తల్యావీని సేకరించిన పాత వాద్యాలు ఉన్నాయి, ఇటాలియన్ హార్ప్సికార్డ్‌లతో సహా. అవి వాయించే కచేరీ ఉన్న రోజు చూసుకుని వెళ్లి, అదే ప్రయాణంలో దగ్గర్లోని ఏదైనా చిన్న చర్చిలో ఆర్గనిస్టుని అడగండి. ప్రిన్సిపాలే ఒక్కటే తెరిచి, సి మీద వేలు తీయకుండా కింద డి కలిపి, ఆ సిని బి దాకా దించమనండి. అంతకు ముందు హార్ప్సికార్డ్ మీద విన్నది మీ చెవిలో ఇంకా ఉంటుంది.