బాకీ కేసు ఎంఎస్ఎంఈ కౌన్సిల్లో గెలిచినాక కోర్టు నోటీసు వచ్చిందా, ఈ లాయర్ ఆఫీసుకి పోండి (ఫోన్ మాత్రం ఎత్తరు) – 4 స్టార్లు

మాది నెల్లూరు ముత్తుకూరు రోడ్డులో చిన్న ఫ్లైయాష్ ఇటుకల యూనిట్. 2023లో ఒక అపార్ట్‌మెంట్ బిల్డరుకి లోడుకి 4,000 ఇటుకల చొప్పున 40 లోడ్లు తోలినా, ఒక్కోటి 6 రూపాయలు, మొత్తం 9 లక్షల 60 వేలు. డబ్బులడిగితే ముందు స్లాబు పడనీ అన్నాడు, తర్వాత ఫ్లాట్లు అమ్ముడుపోనీ అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. పేరు చెప్పను, మళ్లీ ఇంకో కేసు నాకెందుకు.

మా ఆడిటరు ఉద్యమ్ నంబరుతో (చిన్న పరిశ్రమలకిచ్చే రిజిస్ట్రేషన్) సమాధాన్ పోర్టల్లో, అంటే చిన్న యూనిట్ల బాకీల మీద ఫిర్యాదు చేసే సర్కారు వెబ్‌సైట్లో, కేసు వేయించాడు. రాజీ కుదర్లేదు, ఇట్టాంటి బాకీలు తేల్చే సర్కారు ఫెసిలిటేషన్ కౌన్సిలే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వం) చేసి మాకు అవార్డు, అంటే తీర్పు, ఇచ్చింది, అసలు వడ్డీ కలిపి 14 లక్షల పైచిలుకు. వడ్డీ చూసి నేనే నోరెళ్లబెట్టినా. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం (చిన్న పరిశ్రమల చట్టం) ప్రకారం 45 రోజుల్లోపల డబ్బులు కట్టకపోతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ అంట. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు ఆ రేటు 6.75 ఉంది కాబట్టి 20.25 శాతం, మన లెక్కలో నెలకి నూటికి దగ్గరదగ్గర రూపాయి డెబ్బై పైసలు. ఇంక డబ్బులు వచ్చేసినట్టే అనుకోని ఇంట్లో స్వీట్లు కూడా పంచినాం. మూడు నెలలు నిండబోతుండగా కోర్టు నోటీసు వచ్చింది, అవార్డు కొట్టేయమని ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద బిల్డరు వేసిన పిటిషన్.

అప్పుడు తెలిసినాయన చెప్తే దర్గామిట్టలో మేడ మీద ఉండే ఈ లాయర్ మేడం దగ్గరికి పోయినా. నా గోడంతా చెప్పబోతే ఆగమని, ఉద్యమ్ ఎప్పుడు తీసుకున్నారు, మాల్ ఎప్పుడు తోలారు అని రెండే ప్రశ్నలడిగింది. 2021లో బ్యాంకు లోను కోసం తీసుకున్నా అని చెప్తే అప్పుడు కుర్చీ చూపించింది. మాల్ తోలినాక తీసుకునుంటే ఆ ఒక్క పాయింటు మీదే అవతలోళ్లు పేచీ పెట్టేవాళ్లంట. మెటీరియల్, లేబర్ కలిపి పని పట్టుకునే బేల్దారి కాంట్రాక్టర్లు ఇంకా జాగ్రత్తగా ఉండాల, వర్క్స్ కాంట్రాక్టులు ఈ చట్టం కిందికి రావని కొన్ని హైకోర్టులు అన్నాయి, నాది ఉత్త మాల్ కాబట్టి బతికిపోయినా.

తర్వాత గుమాస్తా నా 40 డెలివరీ చలానాలు టేబులు మీద తేదీల వరసన పేకముక్కల మాదిరి పరిచాడు. మూడు చలానాల మీద బిల్డర్ మేస్త్రీ సంతకం బదులు సిమెంటు వేలిముద్ర, ఒకదాని మీద టీ మరక, నాకు సిగ్గేసింది గానీ ఆయన మాత్రం ఒరిజినల్ అంటే ఇట్టనే ఉంటది అన్నా అని నవ్వాడు.

ఇంక అసలు సంగతి. బిల్డరు కోర్టులో విరిగిన ఇటుకల ఫోటోలు పెట్టి నాసిరకం మాల్ తోలారు అన్నాడు. మా ఇటుక నడుమ గుంతలో మా అచ్చు అక్షరం ఉంటది, ఆ ఫోటోల్లో ఇటుకలకి అసలు గుంతే లేదు! నేను ఎగిరి గంతేసి మా ఇటుక ఒకటి తెస్తా, జడ్జి గారికి చూపిద్దాం మేడం అన్నా. వద్దంటే వద్దంది. నాకు తిక్కరేగింది, ఫీజు తీసుకోని నోరు మూసుకోమంటుందేంది అనుకున్నా. ఆమె చెప్పిందేందంటే, ఇది అప్పీలు కాదు, ఇటుక మంచిదా చెడ్డదా అనేది కౌన్సిల్లో తేలిపోయింది, సరుకు దిగిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని చట్టంలోనే ఉంది, సాక్ష్యం మళ్లీ తూకం వేసే పని ఈ కోర్టుది కాదు, మనమే ఇటుక తెచ్చి పెడితే ఆ తలుపు మనమే తీసినట్టు, వాడు పది ఇటుకలు తెస్తాడు. అవతల పక్షానికి నోటీసు ఇచ్చారా, మాట్లాడే అవకాశం ఇచ్చారా, కౌన్సిల్‌కి ఆ అధికారం ఉందా, ఇట్టాంటివే కోర్టు చూసేది. మామూలు తప్పు ఉన్నంత మాత్రాన అవార్డు పోదంట.

ఇంకోటి, అవార్డు సొమ్ములో 75 శాతం డిపాజిట్ చేయనిదే బిల్డరు పిటిషన్ కోర్టు తీసుకోకూడదు, ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 19. మేడం మొదటి వాయిదాలోనే దాన్ని పట్టుకుంది. పదిన్నర లక్షలు కట్టాల్సి వచ్చేసరికి అంతదాకా దర్జాగా తిరిగినాయన మొహం చూడాలి! అందులోంచి 4 లక్షలు కోర్టు మాకు ఇప్పించింది కూడా. ఇది మా సింగపూర్ బావమరిదికి చెప్తే, మా దగ్గర 2004 నుంచి బిల్డింగ్ పనుల డబ్బులకే ప్రత్యేకంగా చట్టం ఉండాది బావా, అడ్జుడికేటర్ అనే తీర్పరి రోజుల్లోనే తేలుస్తాడు, ఆ తీర్పు కొట్టేయించాలంటే బాకీ మొత్తం కోర్టులో కట్టాలి అన్నాడు. మనకి అట్టాంటి చట్టం లేదు, మనలాంటి చిన్న సప్లయర్లకి ఈ 75 శాతమే కొంచెం దిక్కు.

చివర్లో వాళ్ల లాయరు, 2025 ఏప్రిల్లో సుప్రీంకోర్టు కొన్ని సందర్భాల్లో అవార్డును మార్చొచ్చు అంది కదా, వడ్డీ అయినా తగ్గించండి అని అడిగాడు. చట్టంలో రాసున్న వడ్డీ అని మేడం నాలుగు ముక్కల్లో తేల్చేసింది, పిటిషన్ కొట్టేశారు. బిల్డరు ఇప్పుడు హైకోర్టుకి పోతానంటుండాడు, పోనీ.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే ఫోన్. వాయిదా తేదీ నేను ఈకోర్ట్స్ యాప్‌లో చూసుకోని వీళ్లకి చెప్పిన రోజులు ఉండాయి. ఫీజు 60 వేలు, మూడు విడతలు, రసీదు ఇస్తారు. జిరాక్సుల ఖర్చు వేరే, అది ముందు చెప్పరు, కాబట్టి బయటే తీయించుకోని పోండి. సాయంత్రం ఆరు దాటాకే దొరుకుతారు, మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, మా నాయన్ని కింద టీ అంగడిలోనే కూర్చోబెట్టి పోయినా.