అట్ట అతుకులు: ఏళ్ల తరబడి వాడాక ఏది నిలిచింది

ప్యాకింగ్ నమూనాలు, పాప్-అప్ కార్డులు, ప్రదర్శన బోర్డులు చేయడం నా పని. అన్ని రకాల జిగుర్లూ, టేపులూ వాడాక ఇప్పుడు ముందుగా చూసేది ఒక్కటే: ఈ అతుకును ఎటు లాగుతారు? రెండు ముక్కలను పక్కకు జరిపే లాగుడును దాదాపు ప్రతి అతుకూ తట్టుకుంటుంది. అంచు పట్టి పైకి లేపితే మాత్రం చాలావరకు ఓడిపోతాయి.

మందపాటి కార్డుకూ, గ్రేబోర్డుకూ (బూడిద రంగు గట్టి అట్ట) తెల్ల జిగురే నా మొదటి ఎంపిక. పూర్తిగా ఆరాక చింపి చూడండి, జిగురు ఊడదు, అట్ట పొరే చిరుగుతుంది. చిక్కల్లా అందులోని నీటితోనే. దాదాపు సగం నీరే ఉంటుంది కాబట్టి కాగితం దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరుతూ ముడుచుకుంటుంది. ఈ ఉబ్బు పీచు వరసకు, అంటే కాగితంలోని నారలు సాగిన దిక్కుకు, అడ్డంగానే ఎక్కువ. అందుకే అతికించే రెండు ముక్కల్లోనూ పీచు ఒకే దిక్కున ఉండాలి. అట్టను రెండు వైపులా మెల్లగా వంచితే, ఎటు తేలిగ్గా వంగుతుందో ఆ మడతకు సమాంతరంగా పీచు ఉన్నట్టు. జిగురును కార్డు ముక్కతో పల్చగా లాగి, బరువు కింద రాత్రంతా ఉంచితే వంపు బాగా తగ్గుతుంది. బోర్డుకు ఒకవైపే కాగితం అతికిస్తే అది ఆ వైపుకు వంగుతుంది. వెనక కూడా అలాంటి కాగితమే అతికిస్తే చదునుగా నిలుస్తుంది.

డబుల్ సైడ్ టేపుతో తడి బెడద లేదు. లామినేషన్ ఉన్న నున్నటి అట్టలో తెల్ల జిగురు ఇంకదు, అక్కడ టేపే దిక్కు. అయితే పెట్టెల మూత అంచుల్లో దాన్ని నేను నమ్మను. మడిచిన అట్ట తిరిగి విచ్చుకోవాలని చూస్తుంది, ఆ ఒత్తిడికి టేపు అంచు నుంచి మెల్లగా లేస్తుంది. మడత గీతను లోతుగా నొక్కితే ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఈ చిన్న పని చాలామంది వదిలేస్తారు, నాకు బాధగా ఉంటుంది.

ఫొటోలు, పెద్ద ప్రింట్లు ముడతల్లేకుండా అతికించడానికి స్ప్రే జిగురు మంచిది, గాలి ఆడే చోట మాత్రమే వాడాలి. ఫోమ్ బోర్డు (రెండు కాగితాల మధ్య నురగ పొర ఉన్న బోర్డు) మీద జాగ్రత్త. లోపలిది చాలావాటిలో పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్ కాబట్టి, కోసిన అంచుకు స్ప్రేలోని సాల్వెంట్ (జిగురును కరిగించి ఉంచే ద్రవం) తగిలితే అది కరిగి గుంటలు పడుతుంది. జిగురు కడ్డీని వేడితో కరిగించి వదిలే గ్లూ గన్ త్వరగా పట్టేస్తుంది, కానీ అతుకు మధ్య మందంగా మిగులుతుంది, నున్నటి పూత మీద గట్టిగా లాగితే ఊడుతుంది. ఫోమ్ బోర్డు లోపలి మూలలకు తక్కువ వేడి గన్ చాలు.

అసలు జిగురే లేని అతుకులను ఇంతమంది ఎందుకు చిన్నచూపు చూస్తారో తెలియదు. తిరిగే భాగాలకు స్ప్లిట్ పిన్ (రంధ్రంలో దూర్చి రెండు కాళ్లు విడదీసి వంచే పిన్) ఉంది, తాడు కట్టే రంధ్రానికి ఐలెట్ (రంధ్రం అంచుకు బిగించే చిన్న రింగు) ఉంది. విప్పి మళ్లీ బిగించే నమూనాలకు గాట్లు వేసి ఒకదాన్ని ఇంకోదానిలో దూర్చడమే మేలు. గాటు వెడల్పు అట్ట మందానికి సమానంగా ఉండాలి. ఎక్కువైతే నమూనా ఊగుతుంది, తక్కువైతే గాటు చివర అట్ట చిరుగుతుంది. మిగిలిపోయిన అదే అట్ట ముక్క మీద రెండు మూడు వెడల్పులు కోసి, దూర్చి చూసి, అప్పుడే అసలు ముక్క కోస్తాను.